మల్లి కేసు: షుగర్ నార్మల్, ఇన్సులిన్ 142

మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో ఉండే పోనీ. పేరు మల్లి, 11 ఏళ్ళ ఆడది, ఎత్తు 112 సెంటీమీటర్లు. మనవళ్ళు ఎక్కి తిరుగుతారని కొన్నారు కానీ పిల్లలు పెద్దవాళ్ళైపోయాక ఎక్కేవాళ్ళు లేరు, రెండేళ్ళుగా తినడం లాన్ మీద తిరగడం తప్ప దానికి వేరే పనేం లేదు. దసరా వెళ్ళిన వారంలో ఫోన్ వచ్చింది, ముందు కాళ్ళు పట్టేశాయి డాక్టర్ గారూ, నడవట్లేదు, వెనక్కి వాలి నిలబడుతోంది అని. వెనక్కి వాలి అన్న ఆ ఒక్క మాటలోనే సగం డయాగ్నోసిస్ ఉంది, ముందు డెక్కల మీద బరువు పడకుండా గుర్రం వెనక కాళ్ళని పొట్ట కిందకి తెచ్చుకుని నిలబడిందంటే కాదని తేలేదాకా లామినైటిస్ (డెక్క లోపలి పొరలు దెబ్బతిని నొప్పెట్టే జబ్బు) అనే అనుకోవాలి. నేనొచ్చేలోపు నడిపించొద్దు, కింద మెత్తగా రంపపు పొట్టు పరవండి, దాణా ఆపేయండి కానీ ఎండు గడ్డి, నీళ్ళు మాత్రం ముందు ఉంచండి అని చెప్పి బయల్దేరా. (ఇంటివాళ్ళ అనుమతితోనే రాస్తున్నా, పేర్లు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

అక్కడికెళ్ళి సైస్‌ని (పోనీని చూసుకునే పనివాణ్ణి) కూర్చోబెట్టి మొత్తం లెక్క అడిగా. ఈ జబ్బులో స్టెతస్కోప్ కంటే ముందు అడగాల్సింది తిండి గురించి. పొద్దున కేజీ దాకా ఉడకబెట్టిన ఉలవలు, సాయంత్రం గోధుమ తవుడులో బెల్లం, మధ్యలో ఇంట్లో మిగిలిన చపాతీలు, క్యారెట్లు, ఇవి కాక వానలకి ఏపుగా పెరిగిన లాన్ రోజంతా. దసరా రోజు వచ్చిన చుట్టాలు తలా ఒక బెల్లం ముక్క పెట్టారు. ఎవ్వరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు, మన దగ్గర జంతువు మీద ప్రేమ అంటే తినిపించడమే, అందుకే వాళ్ళని తిట్టి లాభం లేదు, చేతికి వేరే పని ఇవ్వాలి అనేది నా అభిప్రాయం.

అసలు భయపెట్టింది దాని తర్వాత చెప్పిన సంగతి. కాళ్ళు పట్టేసిన రోజే తెలిసినవాళ్ళెవరో ఒంట్లో వేడి చేసింది, కడుపు మాడ్చండి అన్నారట, దాంతో నాకు ఫోన్ చేసేసరికే రెండు రోజులుగా నీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. పైగా ఎవరినో పిలిపించి మనుషుల నొప్పి మందు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించారు. డైక్లోఫెనాక్ పశువైద్యంలో వాడకూడదని 2006లోనే మన దేశంలో నిషేధించారు, ఆ మందు పడ్డ కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో చనిపోయాయి కాబట్టి. ఇప్పటికీ మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని వేసేస్తున్నారు, దయచేసి వేయకండి, వేయనివ్వకండి.

ఇంటి పెద్దాయనకి షుగర్ ఉంది, ఇరవై ఏళ్ళ నుంచి మాత్రలు వేసుకుంటున్నారు. ఆయన తన గ్లూకోమీటర్‌తో మల్లికి కూడా చెక్ చేశారు, 98 వచ్చింది. "దీనికి షుగర్ లేదు డాక్టర్ గారూ, నేనే చూశా, కాళ్ళకి రాయి గుచ్చుకుని ఉంటుంది" అన్నారు. ఆయన చూసింది కరెక్టే, చూడాల్సింది మాత్రం అది కాదు. మెటబాలిక్ సిండ్రోమ్, అంటే ఒంట్లో ఇన్సులిన్ మరీ ఎక్కువైపోయే ఈ జబ్బు ఉన్న గుర్రాల్లో, పోనీల్లో రక్తంలో గ్లూకోజ్ దాదాపు ఎప్పుడూ నార్మల్‌గానే ఉంటుంది, ఎందుకంటే పాంక్రియాస్ అలసిపోకుండా ఇన్సులిన్ పోస్తూనే ఉంటుంది, ఆ ఎక్కువైన ఇన్సులినే డెక్కల్ని పాడు చేస్తుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ వాళ్ళు 2007లో ఆరోగ్యంగా ఉన్న పోనీలకి గ్లూకోజ్ స్థిరంగా ఉంచుతూ ఇన్సులిన్ ఎక్కిస్తే 72 గంటల్లోపే అన్నిటికీ లామినైటిస్ వచ్చింది. అంటే కారణం చక్కెర కాదు, ఇన్సులిన్. ఇది అర్థమైతే మిగతా ట్రీట్‌మెంట్ అంతా దానంతటదే అర్థమవుతుంది, ఇది అర్థం కాకపోతే డెక్కకి కట్టు కడుతూ పక్కనే బెల్లం పెడుతూ ఉంటాం.

పరీక్షలో గుండె నిమిషానికి 68, నొప్పి ఎంతుందో చెప్పడానికి అది చాలు. టెంపరేచర్ మామూలే. ముందు రెండు డెక్కలూ వేడిగా ఉన్నాయి, మడమ కీలు (డెక్కకి పైనుండే కీలు) వెనక వేళ్ళు పెడితే డిజిటల్ పల్స్, అంటే డెక్కకి వెళ్ళే రక్తనాళం, గట్టిగా కొట్టుకుంటోంది, హూఫ్ టెస్టర్‌తో (డెక్క నొక్కి చూసే పటకారు) ఫ్రాగ్ (డెక్క అడుగున త్రికోణంలా ఉండే మెత్తటి భాగం) కొన ముందు నొక్కితే కాలు లాగేసుకుంది, ఒక కాలు ఎత్తబోతే రెండో దాని మీద బరువు వేయలేక ఎత్తనివ్వట్లేదు, కాబట్టి కుంటి తీవ్రత చెప్పే ఓబెల్ స్కేల్‌లో 4కి గ్రేడ్ 3. మెడ మీద కొవ్వు గట్టిపడి పక్కకి వాలబోతోంది, క్రెస్ట్ స్కోర్ 5కి 4. పక్కటెముకలు గట్టిగా నొక్కినా చేతికి తగలట్లేదు, తోక మొదట్లో కొవ్వు గడ్డలు, బాడీ కండిషన్ 9కి 8. టేపుతో ఛాతీ చుట్టుకొలత 148, భుజం నుంచి పిరుదు దాకా పొడవు 118. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కేజీల్లో బరువొస్తుంది, మల్లికి 218 వచ్చింది. ఆ ఒళ్ళుకి 180 దగ్గర ఉండాలి.

డెక్కల మీద అడ్డంగా గీతలున్నాయి, ముందు దగ్గరదగ్గరగా, మడమ వైపు ఎడంగా. అంటే ఇది మొదటిసారి కాదు, నెలల ముందు కూడా చిన్న చిన్న అటాక్స్ వచ్చి పోయాయి. అడిగితే సైస్ గుర్తు చేసుకున్నాడు, ఎండాకాలంలో ఒకసారి గట్టి నేల మీద చిన్నచిన్న అడుగులేస్తూ నడిచిందని, నాల్‌బంద్‌కి (నాడాలు కొట్టే అతనికి) చూపిస్తే డెక్క పెరిగింది, కోస్తే పోతుంది అన్నాడని.

పోర్టబుల్ మెషీన్‌తో ఎక్స్‌రే తీశాం, డెక్క ముందు గోడ మీద సన్నని తీగ, ఫ్రాగ్ కొన దగ్గర ఒక పిన్ను మార్కర్‌గా పెట్టి. ఎడమ వైపు డెక్క లోపలి ఎముక 7 డిగ్రీలు తిరిగింది, కుడి వైపు 5. ఎడమ డెక్కలో ఎముక కొన కింద సోల్ (డెక్క అడుగు పొర) మందం 8 ఎంఎం మాత్రమే ఉంది, కనీసం 15 ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. డెక్క లోపల ఎముకకీ గోడకీ మధ్య లామిని పొరలు రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పట్టుకుని ఉంటాయి, ఆ పట్టు సాగి వదులైతే గుర్రం బరువుకీ వెనక నుంచి టెండన్ లాగే లాగుడుకీ ఎముక కిందకి తిరుగుతుంది. తిరిగిన ఎముకని మనం చేత్తో వెనక్కి తిప్పలేం, కొత్త గోడ పైనుంచి సరిగ్గా అతుక్కుని పెరగాలి, అది నెలకి 6 నుంచి 10 ఎంఎం మాత్రమే పెరుగుతుంది. ఏడాది ఓపిక పట్టాల్సిన పని ఇది అని మొదటి రోజే చెప్పేశా.

కానీ ఆ రోజు నా మొదటి దిగులు డెక్కలు కాదు. రక్తం తీసి ట్యూబ్ నిలబెడితే పైన తేరిన ప్లాస్మా తెల్లగా, చిక్కగా ఉంది. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 486. పోనీలు, గాడిదలు, మినియేచర్ గుర్రాలు లావుగా ఉన్నప్పుడు ఒక్కసారిగా తిండి ఆపేస్తే ఒంట్లో కొవ్వంతా కరిగి రక్తంలోకి వచ్చి లివర్‌కి పట్టేస్తుంది, దీన్నే హైపర్‌లిపీమియా అంటాం, లామినైటిస్‌తో చచ్చిపోని పోనీ దీంతో నాలుగు రోజుల్లో చచ్చిపోగలదు. ఇది గట్టిగా చెప్పాలని ఉంది ఎందుకంటే లావుగా ఉంది కదా పస్తు పెడితే మంచిదేగా అనే మాట నేను చదువుకున్నవాళ్ళ నోట్లోంచి కూడా వింటున్నా. తగ్గించడం వేరు, మాడ్చడం వేరు.

అందుకని మొదటి అయిదారు రోజులు బరువు తగ్గించే సంగతే పక్కన పెట్టేశా. నానబెట్టి పిండిన గరిక ఎండుగడ్డి ఎంత తింటే అంత ముందు పెట్టాం, తినడానికి ఇష్టపడకపోతే నానబెట్టి మెత్తగా చేసిన లూసర్న్ పెల్లెట్ల జావ ముక్కులోంచి ట్యూబ్ వేసి ఇచ్చాం, లూసర్న్‌లో చక్కెర తక్కువ కాబట్టి. తిండి సహించాలంటే ముందు నొప్పి తగ్గాలి, డీహైడ్రేషన్ సరిచేశాక ఫ్లూనిక్సిన్ కేజీకి 1.1 మిల్లీగ్రాములు మొదలుపెట్టి తర్వాత మెలాక్సికామ్ 0.6కి మార్చా, రెండూ కలిపి ఎప్పుడూ ఇవ్వలేదు, అప్పటికే డైక్లోఫెనాక్ పడి ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) చూసుకుంటూ, కడుపులో పుండ్లు పడకుండా ఒమెప్రజోల్ తోడు ఇస్తూ. వాపులకి డెక్సామెథసోన్ వేసే అలవాటు చాలామందికి ఉంది, ఇక్కడ స్టెరాయిడ్ జోలికి వెళ్ళకూడదు. నాలుగో రోజుకి ట్రైగ్లిజరైడ్స్ 150 కిందకి వచ్చాయి, తనంతట తనే గడ్డి నమలడం మొదలుపెట్టింది, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం అందరం.

డెక్కలకి మొదటి మూడు రోజులు ఐస్. ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి పగలగొట్టి, పొడవాటి ప్లాస్టిక్ సంచుల్లో వేసి మోకాలి కింద దాకా, కరిగేకొద్దీ మారుస్తూ. అటాక్ మొదలైన గంటల్లో పెడితే వచ్చినంత లాభం ఇంత ఆలస్యంగా పెడితే రాదు కానీ నొప్పికి పనికొస్తుంది. ఐస్ తీసేశాక రెండంగుళాల గట్టి థర్మాకోల్ షీట్ డెక్క ఆకారంలో కోసి డక్ట్ టేప్‌తో కట్టాం, బరువుకి అది నలిగి ఫ్రాగ్, సోల్ వెనక భాగం మొత్తానికి ఆసరా ఇస్తుంది, ఎముక కొన కింద మాత్రం కొంచెం తొలిచేశాం. తర్వాత జిమ్‌లో వేసే మందపాటి ఫోమ్ మ్యాట్ ముక్కలకి మారాం, అవి ఎక్కువ రోజులు ఆగుతాయి, సైస్ కనిపెట్టిందే ఇది. ఇసుక పరుద్దామా అని అడిగారు, కాళ్ళకి మంచిదే, కానీ గడ్డి కింద పడేసి తినిపిస్తే ఇసుక కడుపులోకి వెళ్ళి కడుపునొప్పి వస్తుంది, కాబట్టి రంపపు పొట్టే అర అడుగు మందాన వేయించా.

నొప్పి తగ్గి, గుండె 44కి వచ్చి, గడ్డి తింటున్న స్థితిలో ఇన్సులిన్‌కి రక్తం తీశా. నొప్పిలో, భయంలో తీస్తే అది తప్పుగా పెరిగి కనిపిస్తుంది, పస్తు ఉంచి తీస్తే జబ్బు ఉన్నా తక్కువగా కనిపించొచ్చు, అందుకే ఆగా. దాణా లేకుండా గడ్డి మాత్రమే తిన్న పోనీకి 20 లోపు ఉంటే అనుమానం తక్కువ, 20 నుంచి 50 మధ్య అనుమానించాలి, 50 దాటితే దాదాపు ఖాయం. మల్లికి 142. చక్కెర తాగించి చేసే టెస్ట్ ఒకటుంది, డెక్కలు మండుతున్న పోనీకి అది చేయడం మంచిది కాదు, ఈ నంబర్ వచ్చాక అవసరమూ లేదు. మన ఊళ్ళో ఇది మనుషుల ల్యాబ్‌కే పంపాలి, ఒక్కో ల్యాబ్ మెషీన్ గుర్రం ఇన్సులిన్‌ని ఒక్కోలా చదువుతుంది, కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకటే ల్యాబ్, ఒకటే పద్ధతి, నంబర్ కంటే అది ఎటు పోతోందో ముఖ్యం. వెంట్రుకలు మామూలుగా రాలుతున్నాయి, వయసు 11, కుషింగ్స్ (ఎక్కువగా పెద్ద వయసు గుర్రాల్లో వచ్చే హార్మోన్ జబ్బు) లక్షణాలేవీ కనిపించలేదు, పదిహేను దాటిన పోనీ అయ్యుంటే దాని కోసం చేసే ఏసీటీహెచ్ పరీక్ష కూడా అప్పుడే పంపేవాణ్ణి.

ఇక తిండి. ఇక్కడే కేసు గెలుస్తాం లేదా పోగొట్టుకుంటాం. ఉలవలు, తవుడు, బెల్లం, చపాతీ, క్యారెట్, పండ్లు అన్నీ బంద్. రోజుకి శరీర బరువులో 1.5 శాతం ఎండు పదార్థం, 218 కేజీలకి అది 3.3 కేజీలు, గడ్డిలో తేమ కలుపుకుంటే తూకంలో 3.6 కేజీలు. నానబెట్టక ముందే తూచాలి. ఒక వేలాడే స్ప్రింగ్ తక్కెడ కొనిపించా, ఈ మొత్తం ట్రీట్‌మెంట్‌లో అన్నిటికంటే చవకైన వస్తువూ అదే, అన్నిటికంటే ఎక్కువ పనిచేసిందీ అదే. గుప్పెడు, చారెడు, కొంచెం అనే మాటలు ఆ షెడ్డులోంచి వెళ్ళిపోయాయి. చిన్న కన్నాల వలలో నాలుగు పూటలుగా పెట్టమన్నా, రాత్రి ఎక్కువ సేపు ఖాళీ కడుపుతో ఉండకుండా.

గడ్డి ఏదన్నది పెద్ద ప్రశ్న. సూపర్ నేపియర్ బాగా దొరుకుతుంది, పాలపశువులకి మంచిదే, కానీ అందులో ఆక్సలేట్ ఎక్కువ, గుర్రానికి అదే ముఖ్యమైన మేత అయితే కాల్షియం ఒంటికి పట్టదు, నెలలు గడిస్తే మొహం ఎముకలు ఉబ్బుతాయి. ఓట్స్ హే అంటే అందరికీ నమ్మకం కానీ అది ధాన్యపు మొక్క, కోసిన దశని బట్టి చక్కెర బాగా ఎక్కువ ఉండొచ్చు. ముదిరాక కోసి ఎండబెట్టిన గరిక తీసుకున్నాం, రెండు వారాలు అలవాటు చేస్తూ అందులో నాలుగో వంతు వరిగడ్డి కలిపాం, ఒక్కసారిగా కలిపితే పేగుల్లో అడ్డం పడుతుంది. గంటసేపు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి పెట్టడం, కరిగే చక్కెర కొంత పోతుంది. చలిదేశాల వాళ్ళు రాత్రంతా నానబెడతారు, మన ఎండకి అలా చేస్తే పులిసిపోతుంది, గంట చాలు. నానబెడితే ఖనిజాలు కూడా పోతాయి కాబట్టి 150 గ్రాముల సోయా చెక్క, గుర్రాల మినరల్ మిక్స్చర్, విటమిన్ ఈ, కొంచెం ఉప్పు. పశువుల రెడీమేడ్ దాణా మాత్రం గుర్రం దగ్గరకే రానివ్వకండి, కొన్నిట్లో మోనెన్సిన్ కలుపుతారు, అది గుర్రం గుండెకి విషం.

ఇంకో చిన్న విషయం, సైస్ మాత్రలన్నీ బెల్లం ఉండలో పెట్టి వేస్తున్నాడు! ఎప్పటి నుంచో అదే అలవాటు. నీళ్ళలో కరిగించి సిరంజితో పెదవి పక్క నుంచి ఇవ్వడం నేర్పించా.

ట్రిమ్మింగ్‌కి రేస్ గుర్రాలతో పనిచేసిన ఒక నాల్‌బంద్‌ని తీసుకొచ్చి ఎక్స్‌రే ముందు పెట్టుకుని కూర్చున్నాం. సోల్ ముట్టుకోవద్దు, ముందు పొడవు బయటి వైపు నుంచి వెనక్కి తేవాలి, మడమ కొద్దికొద్దిగా దించాలి, నాడాలు వద్దు, ఆ స్థితిలో డెక్క మీద సుత్తి దెబ్బలు పడకూడదు. మొదట అతనికి నచ్చలేదు, నాడా లేకుండా గుర్రం ఎలా నిలబడుతుంది సాబ్ అన్నాడు, రెండో ట్రిమ్ అయ్యాక గోడ పైభాగంలో కొత్త పెరుగుదల వేరే కోణంలో వస్తోందని తనే వేలు పెట్టి చూపించాడు. నాలుగైదు వారాలకోసారి తప్పకుండా చేస్తున్నాడు.

నవంబర్ మధ్యకి బరువు 205, నడక చాలా నయం, కానీ గట్టి నేల మీద తిరిగేటప్పుడు ఇంకా తడబాటుంది, ఇన్సులిన్ 88. తిండి మారినా ఇన్సులిన్ అక్కడే ఆగిందంటే డెక్కలు ప్రమాదంలోనే ఉన్నట్టు. పెద్దాయన తన మెట్‌ఫార్మిన్ గురించి అడిగారు, గుర్రాల్లో అది పేగుల్లోంచి చాలా తక్కువ పడుతుంది, ఫలితం కూడా నిలకడగా ఉండదు, రోజుకి రెండుసార్లు పన్నెండు మాత్రల చొప్పున వేయాలి. దాని బదులు కానాగ్లిఫ్లోజిన్ ఎంచుకున్నా, మనుషుల షుగర్ మందే, మూత్రంలోంచి గ్లూకోజ్ బయటికి పంపేస్తుంది, దాంతో ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. గుర్రాలకి లైసెన్స్ ఉన్న మందు కాదు, ఆ మాట చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే రోజుకి 100 మిల్లీగ్రాములు, అంటే కేజీకి దాదాపు అర మిల్లీగ్రాము. మొదటి రోజుల్లోనే ఎందుకు ఇవ్వలేదంటే ఇది ట్రైగ్లిజరైడ్స్ పెంచుతుంది, అప్పటికే 486 ఉన్న పోనీకి ఇస్తే చేజేతులా చంపినట్టే. రెండు వారాలకి చూస్తే 160 దగ్గరికి పెరిగాయి, తిండి మానలేదు, లివర్ ఎంజైమ్స్ పర్వాలేదు, కొనసాగించా. పొట్టు రోజూ తడిసిపోతోందని సైస్ చెప్పాడు, ఆ మందుకి మూత్రం ఎక్కువ రావడం మామూలే, నీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉంచమన్నా. డిసెంబర్ చివరికి ఇన్సులిన్ 24.

ఈ కేసులో నాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చింది సైస్. చదువు పెద్దగా లేదు, కానీ రోజూ పొద్దున తిండి పెట్టకముందు మడమ కీలు వెనక వేలు పెట్టి పల్స్ చూడటం నేర్చుకున్నాడు, మామూలప్పుడు వెతుక్కుంటే గానీ దొరకదు, వెంటనే దొరికి గట్టిగా తన్నుతుంటే తేడా ఉన్నట్టు. సంక్రాంతి తెల్లారి నాకు ఫోన్, "సాబ్, ఇయ్యాల పల్స్ జోర్‌గ కొడ్తుంది, నడక బరాబరే ఉంది గానీ" అని. ఆరా తీస్తే పండక్కొచ్చిన పిల్లలు రెండు అరిసెలు, చెరకు ముక్కలు పెట్టారు. నడకలో ఇంకా ఏమీ కనపడకముందే పట్టుకున్నాడు కాబట్టి వెంటనే ఐస్, ఫోమ్ ప్యాడ్స్, మెలాక్సికామ్, పూర్తి రెస్ట్, మూడు రోజుల్లో సర్దుకుంది. తర్వాత పెద్దాయనే షెడ్డుకి తాళం వేయించారు, పిల్లలకి తినిపించే బదులు బ్రష్ ఇచ్చి ఒళ్ళు రుద్దే పని అప్పగించారు, వాళ్ళకీ అదే ఇష్టంగా ఉంది, మల్లికి కూడా.

ఫిబ్రవరి ఎక్స్‌రేలో ఎడమ వైపు తేడా 3 డిగ్రీలకి వచ్చింది, సోల్ 13 ఎంఎం. నొప్పి మందు లేకుండా నెలకి పైగా బాగా నడిచాకే వ్యాయామం మొదలుపెట్టాం, మెత్తటి నేల మీద చేత్తో పట్టుకుని పది నిమిషాలు, మెల్లగా పెంచుతూ అరగంట. మార్చిలో కానాగ్లిఫ్లోజిన్ తగ్గించుకుంటూ ఆపేశాం.

ఇప్పుడు జూన్. ఛాతీ 137, బరువు 186, మెడ కొవ్వు మెత్తబడి స్కోర్ 2, మందు లేకుండా ఇన్సులిన్ 27. అనుమానపు గీత పైనే ఉంది, కాబట్టి జబ్బు పోయింది అని నేను అనట్లేదు, ఈ పోనీ ఒంటి తత్వమే ఇది. వానలు పడి లాన్ పచ్చబడేలోపు చుట్టూ కంచె వేయిస్తున్నారు, మేతకి వదిలితే పొద్దున్నే గంటలోపు, అదీ మూతికి గ్రేజింగ్ మజిల్ (తక్కువ తినేలా చేసే చిక్కం) కట్టి, సాయంత్రం అస్సలు వద్దు, పగలంతా ఎండకి గడ్డిలో చక్కెర పేరుకుని ఉంటుంది కాబట్టి. జులై చివర్లో మళ్ళీ రక్తం తీస్తాం, 50 దాటితే ట్రైగ్లిజరైడ్స్ చూసుకుని మాత్ర మళ్ళీ మొదలుపెడతాం, దసరాకి ముందు ఇంకోసారి చూస్తాం.